బ్యాంకులో ప్రమోషన్ కావాలంటే ముందు సీటు మార్చుకోండి

ప్రభుత్వ రంగ బ్యాంకులో క్లర్కుగానో, పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్)గానో చేరి రెండు మూడేళ్లయిన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. 2024 వేతన ఒప్పందం తర్వాత క్లర్కు పేరు కస్టమర్ సర్వీస్ అసోసియేట్ అయింది గానీ, బ్రాంచిలో అందరూ ఇంకా క్లర్కనే అంటారు, నేనూ అలాగే రాస్తాను. నేను చేరింది ఆ ఉద్యోగంలోనే. ఒంగోలు చుట్టుపక్కల బ్రాంచీల్లో క్యాష్, సేవింగ్స్, లోన్లు తిరిగి, ఆఫీసరై, మేనేజరై, ఇప్పుడు చీఫ్ మేనేజర్‌గా మా బ్యాంకు ట్రైనింగ్ సెంటర్లో పాఠాలు చెబుతున్నాను. ప్రమోషన్ నోటిఫికేషన్ పడగానే ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, మెటీరియల్ ఏమైనా ఉంటే పంపండి" అని. పంపుతాను. కానీ ఆ పీడీఎఫ్‌లు చేసే సాయం కొంతే. నోటిఫికేషన్‌కి రెండు మూడేళ్ల ముందు నుంచి మీరు ఏ సీట్లో కూర్చున్నారు, అక్కడ ఏం నేర్చుకున్నారు అన్నదాని మీదే ఎక్కువ భాగం తేలిపోతుంది.

అన్నిటికంటే ముందు మీ బ్యాంకు ప్రమోషన్ పాలసీ చదవండి. ఇంట్రానెట్‌లో హెచ్ఆర్ పేజీలో ఉంటుంది. చదవమంటే చాలామంది సర్క్యులర్ మొదటి పేజీ చూసి వదిలేస్తారు. పెన్సిల్ పట్టుకుని ఆఖరి అనుబంధం దాకా చూడాలి. ఎన్నేళ్ల సర్వీసుకు అర్హత, అది ఏ తేదీకి లెక్క? సీనియారిటీ ఛానెల్, మెరిట్ ఛానెల్ రెండూ ఉన్నాయా? రాత పరీక్షకి, ఏపీఏఆర్‌కి (ఏటా మీ పనితీరు మీద రాసే రిపోర్టు), ఇంటర్వ్యూకి ఎన్నెన్ని మార్కులు? బ్యాంకు ఉద్యోగులు రాసే జేఏఐఐబీ, సీఏఐఐబీ పరీక్షలు పాసైతే విడిగా మార్కులిస్తారా, లేక సర్వీసులో సడలింపు ఇస్తారా? రూరల్ బ్రాంచిలో ఎంతకాలం చేసి ఉండాలి? వచ్చిన ప్రమోషన్ వద్దంటే మళ్లీ ఎన్నాళ్లు ఆగాలి? ఇవన్నీ బ్యాంకుకో రకంగా ఉంటాయి. వేరే బ్యాంకులో ఉన్న మీ బావ చెప్పిన లెక్క మీకు పనికిరాదు.

అది చదివాక ఒక తెల్లకాగితం తీసుకోండి. స్కేల్-1 అసిస్టెంట్ మేనేజర్, స్కేల్-2 మేనేజర్, స్కేల్-3 సీనియర్ మేనేజర్, స్కేల్-4 చీఫ్ మేనేజర్, స్కేల్-5 ఏజీఎం, 6 డీజీఎం, 7 జీఎం. ఒక్కో స్కేల్‌కి మీకు తొందరగా ఎప్పుడు అర్హత వస్తుందో ఆ సంవత్సరం రాయండి. దాని పక్కన ఆ ఏటికి మీ వయసు, పిల్లలు ఏ క్లాసులో ఉంటారో, అమ్మానాన్నల వయసెంతో కూడా రాయండి. ఈ కాగితం ఇంట్లోవాళ్లతో కూర్చుని రాయాలి. టెన్త్, ఇంటర్ సంవత్సరాలు ఎక్కడ పడుతున్నాయో చూస్తే, ఏ ప్రమోషన్‌కి ముందే తొందరపడాలో, ఏ ఏడాది ఆగినా ఫర్వాలేదో తెలుస్తుంది. మా క్లాసుకి వచ్చినవాళ్లతో ఈ పని చేయించినప్పుడల్లా గది కాసేపు నిశ్శబ్దమైపోతుంది. రిటైర్మెంట్ అరవైకే కదా, ఏజీఎం కావాలంటే ఇప్పుడు పోగొట్టే ప్రతి ఏడాదీ అక్కడ కనిపిస్తుంది.

సీటు అడిగి మార్చుకోవడం

క్లర్కులకు ఎదురయ్యే పెద్ద చిక్కు ఇది. క్యాష్ కౌంటర్లో చురుగ్గా ఉన్నారంటే అక్కడే ఉంచేస్తారు. ఒక్క తేడా లేకుండా రోజూ క్యాష్ టాలీ చేసే మనిషిని ఏ మేనేజరూ వదులుకోడు. ఐదేళ్ల తర్వాత ఇంటర్వ్యూలో "హైపోథికేషన్‌కీ ప్లెడ్జ్‌కీ తేడా ఏంటమ్మా" అని అడిగితే ఆ అమ్మాయి దగ్గర జవాబుండదు. నేర్చుకునే చోట ఆమెను ఎవరూ కూర్చోబెట్టలేదు మరి.

క్యాష్, సేవింగ్స్ కౌంటర్లు మొదటి ఏడాదిన్నరలో పూర్తిగా పట్టుకోండి. తర్వాత గోల్డ్ లోన్, డిపాజిట్లు, లాకర్లు. మూడో ఏడాదికల్లా అడ్వాన్సెస్ సీటుకి, అంటే లోన్లు చూసే సీటుకి చేరాలి. బ్యాంకు బతికేది అక్కడే, ప్రమోషన్ బోర్డులో కూర్చునేవాళ్లు ఎక్కువమంది పైకొచ్చిందీ ఆ సీటు మీదుగానే.

అడిగే పద్ధతి ఒకటుంది. మార్చి నెలాఖరులో, టార్గెట్ల గొడవలో అడగొద్దు. ఏప్రిల్ రెండో వారం దాటనివ్వండి. ఊరికే "సీటు మార్చండి సార్" అనకుండా, ఖాళీ అయ్యే చోట ఎవరు కూర్చుంటారో మీరే చెప్పండి. "సార్, కొత్తగా వచ్చిన అబ్బాయికి క్యాష్ నేను నెల రోజుల్లో నేర్పిస్తాను. రోజూ నాలుగింటి తర్వాత గంటసేపు లోన్ సీట్లో మేడమ్ దగ్గర కూర్చోనివ్వండి. జూన్ నుంచి నన్ను అటు వేయండి" అంటే ఏ మేనేజరైనా ఆలోచిస్తాడు. నోటితో అడిగాక మర్యాదగా ఒక మెయిల్ కూడా పెట్టండి. మేనేజర్లు మారుతుంటారు, మెయిల్ మిగులుతుంది. ఏడాదైనా కదలిక లేకపోతే రీజినల్ ఆఫీసులో హెచ్ఆర్ చూసే ఆఫీసర్ని కలిసి, ఆ మెయిల్ చూపించి, బ్రాంచి మార్పు అడగండి. నాలుగైదుగురే ఉండే చిన్న బ్రాంచి అయితే ఇంకా మేలు. అక్కడ అన్ని సీట్లూ అందరూ చూడాల్సిందే. పెద్ద బ్రాంచిలో ఏసీ ఉంటుంది, బస్టాండ్ దగ్గరుంటుంది, నేర్చుకోవడానికి మాత్రం చిన్న బ్రాంచికి సాటి రాదు.

పీవోలకు ఈ బాధ తక్కువ. కానీ వాళ్లకీ ఒక ఉచ్చు ఉంది. కంప్యూటర్ బాగా వచ్చిన కుర్రాణ్ని రీజినల్ ఆఫీసులో ఎక్సెల్ రిపోర్టులకు కూర్చోబెడతారు. పైవాళ్ల కళ్లలో పడతాం కదా అని సంబరం. ఏడాది వరకు మంచిదే, మూడేళ్లు అక్కడే ఉంటే సాంక్షన్ చేయడం తెలియని మేనేజర్ అవుతారు.

ఒక ఫైలుతో నేర్చుకోవడం

అడ్వాన్సెస్ సీటుకి చేరాక ఏం చేయాలో కాస్త వివరంగా చెప్పాలి. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, అంత తీరిక బ్రాంచిలో ఎవరికీ ఉండదు. కాబట్టి ఒక పాత సీసీ ఫైలు (క్యాష్ క్రెడిట్, వ్యాపారానికి సరుకు మీద ఇచ్చే లోను) తీయండి. చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లది నాకు బాగా తెలిసిన వ్యవహారం కాబట్టి అదే చెబుతాను. ఫైలును ముందు నుంచి కాదు, సాంక్షన్ లెటర్ నుంచి మొదలుపెట్టండి. లిమిట్ ఎంత, మార్జిన్లెంత (సరుకు విలువలో ఆసామి సొంతంగా పెట్టుకోవాల్సిన వాటా), షరతులేంటి? ఒక్కో షరతు పక్కన, అది నెరవేరిందనడానికి ఫైల్లో ఏ కాగితం ఉందో వెతకండి. డిమాండ్ ప్రామిసరీ నోట్, హైపోథికేషన్ అగ్రిమెంట్, గ్యారంటీ అగ్రిమెంట్, టైటిల్ డీడ్లు, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ రిపోర్టు, ఇన్సూరెన్స్, సెర్సాయ్ (తాకట్టులు నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్. ఏది దొరక్కపోయినా రాసుకోండి. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే ఆడిటర్ చేసే పనీ ఇదే.

తర్వాత స్టాక్ స్టేట్‌మెంట్ పట్టుకుని డ్రాయింగ్ పవర్, అంటే ఆ నెల ఆసామి ఎంత దాకా వాడుకోవచ్చో, మీరే లెక్క కట్టండి. లిమిట్ 40 లక్షలు అనుకుందాం. స్టాక్ 50 లక్షలు చూపించారు. అందులో అరువు తెచ్చిన సరుకు 10 లక్షలు తీసేస్తే 40. పాతిక శాతం మార్జిన్ పోతే 30. రావాల్సిన బాకీల్లో 90 రోజుల లోపువి 16 లక్షలు, సాంక్షన్‌లో దానికి యాభై శాతం మార్జిన్ అంటే 8. రెండూ కలిపితే 38. లిమిట్ 40 ఉన్నా ఆ నెల 38 దాటి డ్రా చేయనివ్వకూడదు. ఈ లెక్క సిస్టమ్‌లో ఎవరో ఎంటర్ చేస్తారు, మిగతావాళ్లు చూడరు. మీరు చూడండి.

ఆ తర్వాత యూనిట్ విజిట్‌కి మేనేజర్ గారు వెళ్లేటప్పుడు బండి ఎక్కేయండి. బ్లాకులు క్యూబిక్ మీటర్లలో, పాలిష్ చేసిన స్లాబులు చదరపు అడుగుల్లో లెక్కేస్తారు. స్టేట్‌మెంట్‌లో రాసిన కొలత యార్డులో ఉందా? ఎదురుగా నిలబెట్టిన స్లాబుల మీద దుమ్ము వేళ్లకంటేలా ఉంటే అది నెలల తరబడి కదలని సరుకు. కోతలో చీలిపోయిన ముక్కల్ని కూడా మంచి రేటుకి స్టాక్‌లో కలిపేశారా? కరెంటు బిల్లు అడిగి చూడండి, మిషన్లు నిజంగా ఎన్ని గంటలు తిరిగాయో అదే చెబుతుంది. ఇలా నాలుగు యూనిట్లు చూసిన మనిషిని ఇంటర్వ్యూలో ఎవరైనా గుర్తుపట్టగలరు. మాటలోనే తెలిసిపోతుంది.

చిన్న వ్యాపారాలకు లిమిట్ కట్టడం కూడా ఈలోగా వచ్చేయాలి. నాయక్ కమిటీ పద్ధతిలో, అంచనా టర్నోవర్‌లో 25 శాతం వర్కింగ్ క్యాపిటల్ అవసరం, అందులో 20 బ్యాంకుది, 5 ఆసామిది. కోటి రూపాయల టర్నోవర్‌కి బ్యాంకు ఇచ్చేది 20 లక్షలు. సూక్ష్మ, చిన్న సంస్థలకు 5 కోట్ల లిమిట్ వరకు ఇదే లెక్క. సూత్రం అందరికీ నోటికి వస్తుంది. ఆ కోటి రూపాయలు నమ్మదగ్గ అంచనా అవునో కాదో జీఎస్టీ రిటర్నులు, ఖాతాలో పడిన జమలు పక్కపక్కన పెట్టి చెప్పగలిగినవాళ్లు తక్కువ. మీరు ఆ తక్కువమందిలో ఉండండి.

పరీక్షల గురించి కొంచెమే

జేఏఐఐబీ, సీఏఐఐబీ రెండూ ఐఐబీఎఫ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంకింగ్ అండ్ ఫైనాన్స్) పెడుతుంది, ఏటా రెండుసార్లు. 2023 నుంచి జేఏఐఐబీలో నాలుగు పేపర్లు, సీఏఐఐబీలో నాలుగు తప్పనిసరి పేపర్లు, మనం ఎంచుకునేది ఒకటి. పేపర్‌కి 50 మార్కులు వస్తే పాస్. ఒకే విడతలో అన్నీ రాసి, ప్రతి దాంట్లో 45 తగ్గకుండా మొత్తం మీద 50 శాతం తెచ్చుకున్నా పాసే. తప్పుడు జవాబుకి మార్కులు కొయ్యరు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. పాసైతే ఇంక్రిమెంట్లు వస్తాయి, అది నెలనెలా రిటైరయ్యేదాకా వచ్చే డబ్బు. పెళ్లికి ముందే, పిల్లలు పుట్టకముందే ఈ రెండూ ముగించేయండి. ఆడపిల్లలకైతే ఈ మాట రెండుసార్లు చెబుతాను.

సీఏఐఐబీలో ఎంచుకునే పేపర్ విషయంలో మాత్రం తేలిక ఏది అని చూడొద్దు. పదేళ్ల తర్వాత ఏ పని చేయాలనుకుంటున్నారో దాన్ని బట్టి తీసుకోండి. ట్రెజరీ, రిస్క్ మేనేజ్‌మెంట్, అకౌంటింగ్, క్రెడిట్ విభాగాల్లో పనిచేసేవాళ్లకు సర్టిఫికెట్ ఉండాలని రిజర్వు బ్యాంకు 2016లోనే బ్యాంకులకు చెప్పింది. ఫారెక్స్‌కి కూడా విడిగా సర్టిఫికెట్ కోర్సు ఉంది. మన గుంటూరు మిర్చి, ఒంగోలు పొగాకు, చీమకుర్తి గ్రానైట్ అన్నీ విదేశాలకు పోయే సరుకులే. ఎగుమతి బిల్లులు, ఎల్‌సీలు (కొనేవాళ్ల బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీలు) చదవగలిగిన ఆఫీసర్ కోసం ఇక్కడి పెద్ద బ్రాంచీలు ఎదురుచూస్తుంటాయి.

ఏపీఏఆర్ మీ చేత్తో రాసేది

సంవత్సరం చివర సెల్ఫ్ అప్రైజల్ రాయమంటారు. ఆఖరి రోజు సాయంత్రం ఐదున్నరకు, వేరేవాళ్లది చూసి కాపీ కొట్టి సబ్మిట్ చేసేవాళ్లే ఎక్కువ. ఇంత నిర్లక్ష్యం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే మూడేళ్ల ఏపీఏఆర్‌లు కలిసి మీ గురించి మాట్లాడే చోట మీరుండరు.

"బ్రాంచి అభివృద్ధికి ఎంతో కృషి చేశాను" అనే వాక్యానికి విలువ లేదు. "ఏప్రిల్ 1 నాటికి నా పోర్ట్‌ఫోలియోలో ఎస్ఎంఏ-2 ఖాతాలు 22. ప్రతి శనివారం ఫాలో అప్ చేసి 19 రెగ్యులర్ చేయించాను. మూడు ఎన్‌పీఏ అయ్యాయి, రెండింటిలో ఓటీఎస్ ప్రతిపాదన పంపాను" అని రాస్తే చదివే ఆఫీసర్ మార్కు తగ్గించడానికి ఆలోచించాలి. ఎస్ఎంఏ-2 అంటే 61 నుంచి 90 రోజుల బాకీ, దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఓటీఎస్ అంటే ఒకేసారి కట్టించుకుని బాకీ తేల్చుకోవడం. ఆ నెల రోజుల్లో ఒక ఖాతా కాపాడటమంటే బ్యాంకు లాభాన్ని కాపాడటమే.

ఇలా రాయాలంటే అంకెలు చేతిలో ఉండాలి. ప్రతి నెలా ఒకటో తారీఖున పది నిమిషాలు కూర్చుని, కిందటి నెల ఏం చేశారో మీ ఆఫీసు మెయిల్‌లోనే డ్రాఫ్ట్‌గా రాసిపెట్టుకోండి. కస్టమర్ల పేర్లు, ఖాతా నంబర్లు సొంత ఫోన్‌లో పెట్టుకోవద్దు, అది ఇంకో తలనొప్పి. మార్కులు వచ్చాక చూసుకోవడం మీ హక్కు. అప్రైజల్‌లో వేసిన ప్రతి గ్రేడూ ఉద్యోగికి తెలియజేయాలని సుప్రీంకోర్టు 2008లో దేవ్‌దత్ కేసులో చెప్పింది. తక్కువ వేశారనిపిస్తే గడువులోగా, కోపం లేకుండా, అంకెలతో రిప్రజెంటేషన్ ఇవ్వండి. ఇస్తే పగబడతారని భయపెట్టేవాళ్లుంటారు. మర్యాదగా రాసిన కాగితం వల్ల ఎవరి కెరీరూ పాడవడం నేను చూడలేదు.

ఐడీ, పాస్‌వర్డ్

చార్జిషీటు పెండింగ్‌లో ఉంటే మీ ప్రమోషన్ ఫలితం సీల్డ్ కవర్లోకి వెళ్తుంది. పరీక్ష పాసైనా, ఇంటర్వ్యూ బాగా చేసినా కేసు తేలేదాకా ఆ కవర్ తెరవరు. ఇలా చార్జిషీట్లలో ఇరుక్కునేవాళ్లలో చాలామంది దొంగలు కారు, మొహమాటస్తులు. మా ప్రాంతంలోనే ఒక బ్రాంచిలో మంచి పనిమంతురాలైన ఆఫీసర్ మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ, క్యూలో జనం ఉన్నారని, తన ఐడీ తెరిచి ఉంచి పక్క సీటు అబ్బాయికి అప్పజెప్పేది. గోల్డ్ లోన్ ఖాతాల్లో తేడాలు బయటపడ్డ రోజున ఆథరైజ్ చేసిన ఐడీలన్నీ ఆమెవే. డబ్బు ఆమె ముట్టలేదని అందరికీ తెలుసు. అయినా స్టాఫ్ అకౌంటబిలిటీలో, అంటే తప్పుకు బాధ్యులెవరో తేల్చే విచారణలో, పేరు ఆమెదే.

"మేడమ్, ఒక్క ఎంట్రీ, పాస్ చేసేయండి" అంటే వోచర్ చేతికిచ్చాకే చేస్తానని చెప్పండి. నవ్వుతూ చెప్పండి, కానీ ప్రతిసారీ చెప్పండి. రెండు వారాల్లో అందరికీ అలవాటైపోతుంది. పైనుంచి ఫోన్లో "ముందు డబ్బు రిలీజ్ చేయి, కాగితాలు రేపొస్తాయి" అని వస్తే, "సార్, మీరు చెప్పినట్టు చేయడానికి మెయిల్‌లో కన్ఫర్మేషన్ ఇవ్వగలరా" అని వెంటనే రాయండి. తొంభై శాతం సందర్భాల్లో ఆ మెయిల్ రాదు, ఆ అవసరమూ తీరిపోతుంది.

రూరల్ బ్రాంచి, బదిలీలు, ఇల్లు

రూరల్ సర్వీసు ఎలాగూ చేయాలి కాబట్టి పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే చేసేయండి. స్కేల్-1, 2లో పల్లె బ్రాంచి చేసినవాళ్లకి పంట రుణం, డ్వాక్రా గ్రూపులు, రికవరీ అన్నీ చేతిమీద వస్తాయి. పొగాకు రైతుకి వేలం జరిగే నెలల్లోనే చేతిలో డబ్బు ఉంటుంది, వాయిదా తేదీ దానికి సరిపోకపోతే మంచి రైతు కూడా బాకీదారుగా కనిపిస్తాడు. స్వల్పకాలిక పంటకు రెండు పంట కాలాలు, దీర్ఘకాలిక పంటకు ఒక పంట కాలం దాటాకే ఎన్‌పీఏ. 2025 జనవరి 1 నుంచి తాకట్టు లేని పంట రుణ పరిమితి 1.6 లక్షల నుంచి 2 లక్షలైంది. ఇవి రాత పరీక్షలో వస్తే ఒక మార్కు, రచ్చబండ దగ్గర రైతు అడిగితే చెప్పగలగడం వేరే సంగతి.

క్లర్కు నుంచి ఆఫీసర్ కావడానికి మనవాళ్లు వెనకాడేది జీతం గురించి కాదు, బదిలీ గురించి. ఒడిశానో, గుజరాతో వేస్తారన్న భయం. భయం నిజమే, వేస్తారు. అందుకే వెళ్లడానికి కుదిరే ఏడాదిని మీరే ఎంచుకోవాలి. పిల్లవాడు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు మూడేళ్లు బయట ఉండి రావడం వేరు, వాడు ఇంటర్‌లో ఉన్నప్పుడు వెళ్లడం వేరు. బయట ఉన్న కాలంలో హిందీ మాట్లాడటం వచ్చేస్తుంది, పై స్కేళ్లలో అది చాలా ఉపయోగం. పెళ్లైన మహిళా ఉద్యోగుల్ని భర్త పనిచేసే చోటికి, పెళ్లికాని వారిని తల్లిదండ్రుల ఊరికి వీలైనంత దగ్గరగా వేయమని కేంద్ర ఆర్థిక శాఖ 2014లో బ్యాంకులకు సూచించింది. ట్రాన్స్‌ఫర్ రిక్వెస్టులో ఆ సంగతి ప్రస్తావించి, భర్త ఆఫీసు నుంచి తెచ్చిన సర్టిఫికెట్ జతచేయండి. ఒకసారి తిరస్కరించినా రిక్వెస్ట్ విండో తెరిచిన ప్రతిసారీ పెట్టండి. పెట్టనివాళ్లకు ఇబ్బంది లేదనే వాళ్లు అనుకుంటారు.

ప్రమోషన్ వద్దనుకుని క్లర్కుగానే ఉండిపోయేవాళ్లని నేను తక్కువ చేయను. ముసలి తల్లిదండ్రుల్ని చూసుకుంటూ ఊళ్లో ఉండటం కూడా ఒక నిర్ణయమే. అది భయంతో కాకుండా, ఆ కాగితం ముందు పెట్టుకుని తీసుకున్న నిర్ణయమైతే చాలు.

ఇంటర్వ్యూ

ఐదు నుంచి పది నిమిషాలు, అంతే. మీ బ్రాంచి డిపాజిట్లు, అడ్వాన్సులు, ఎన్‌పీఏ, కాసా (డిపాజిట్లలో కరెంట్, సేవింగ్స్ ఖాతాల వాటా) శాతం, కిందటేడాదితో తేడా నాలుక చివర ఉండాలి. బ్యాంకు మొత్తం అంకెలు కూడా, తాజా త్రైమాసికానివి. తర్వాత వాళ్లడిగేది మీ సీటు గురించే. ఇంగ్లీషు తడబడుతుందని కుంగిపోవద్దు, చిన్న వాక్యాల్లో మీరు చేసిన పని చెప్పండి. తెలియనిది తెలియదనండి, ఊహించి చెప్పారంటే తర్వాతి ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది.

లిస్టులో పేరు లేకపోతే వారం రోజులు బాధపడండి, తప్పులేదు. తర్వాత మార్కులు చూపే వీలు మీ బ్యాంకులో ఉంటే అడిగి తెచ్చుకోండి. రాత పరీక్షలో పోయిందా, ఏపీఏఆర్‌లో పోయిందా, ఇంటర్వ్యూలోనా అన్నది విడదీయండి. ఇంటర్వ్యూలో పోతే అది ఎక్కువసార్లు సీటు సమస్యే. ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయారో ఆ పని జరిగే డెస్క్ ఏదో చూసి, ఏప్రిల్ రెండో వారంలో మేనేజర్ గారికి మెయిల్ పెట్టండి.